నల్ల జీలకర్రలో స్వస్థత - మన నమ్మకం ఎవరి మీద?

నల్ల గింజలో మరణం తప్ప ప్రతి వ్యాధికీ స్వస్థత ఉందన్న భావం గల హదీసును హజ్రత్ అబూ హురైరా (రజి), హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. ఆ గింజే అరబ్బీలో హబ్బతుస్సౌదా, ఉర్దూలో కలౌంజీ, మన నల్ల జీలకర్ర. చూడటానికి ఉల్లి విత్తనంలా ఉన్నా, ఇది లేత నీలం పూలు పూసే వేరే మొక్క.

మాదాపూర్‌లో జుమా నమాజు తర్వాత ఒక యువ సోదరుడు మమ్మల్ని కలిశాడు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ ప్రాంతంలో ఎందరికో రాత్రే పగలయింది. అతనిదీ రాత్రి ఉద్యోగమే. చక్కెర వ్యాధి వచ్చింది. డాక్టరు రాసిన మాత్రలు మానేసి కలౌంజీ నూనె తాగుతున్నాడు. "మాత్రలు కూడా వేసుకుంటే ప్రవక్త (స) మాట మీద నమ్మకం లేనట్టే కదా?" అని అడిగాడు.

ప్రవక్త (స) మాట సత్యం. అందులో సందేహానికి తావు లేదు. అయితే మనం దాన్ని అర్థం చేసుకున్న తీరు సరైనదేనా? ఆద్ జాతిపై వీచిన గాలి ప్రతిదాన్నీ నాశనం చేసిందని చెప్పిన ఆయతే (అహ్‌ఖాఫ్: 25) వారి ఇళ్ళు మాత్రం మిగిలాయని కూడా తెలుపుతోంది. అంటే 'ప్రతి' అన్న మాటకు సందర్భాన్ని బట్టి హద్దు ఉంటుంది. ఇమామ్ ఖత్తాబీ, ఇబ్నుల్ ఖయ్యిమ్ వంటి పండితులు ఈ హదీసు ముఖ్యంగా శీతల స్వభావం గల వ్యాధులకు వర్తిస్తుందన్నారు. దీన్ని ఒక్కోసారి విడిగా, ఒక్కోసారి ఇతర మందులతో కలిపి వాడాలని ఇబ్ను హజర్ (రహ్మలై) వివరించారు.

పైగా వైద్యం చేయించుకోమని ఆదేశించిందీ ఆ ప్రవక్తే (స) (అబూ దావూద్). ఒంటెను కట్టేసి అల్లాహ్‌ను నమ్ముకోమన్నదీ ఆయనే (తిర్మిజీ). ఒక హదీసును పట్టుకుని మిగతావాటిని వదిలేయడం విశ్వాసం ఎలా అవుతుంది?

ఈ గింజల నూనెలోని థైమోక్వినోన్‌పై పరిశోధనలు జరిగాయి. నల్ల జీలకర్ర రక్తంలో చక్కెరను కొంత తగ్గించవచ్చని కొన్ని అధ్యయనాల్లో తేలింది. కానీ అది మాత్రలకు బదులు కాదు. రెండూ కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు కనుక డాక్టరుకు చెప్పే వాడాలి. "అన్ని రోగాలూ పోతాయి, మందులు మానేయండి" అంటూ హదీసును దుకాణం బోర్డుగా మార్చేవారు, మోసగించేవాడు మనవాడు కాడన్న ప్రవక్త (స) హెచ్చరికను కూడా గుర్తుంచుకోవాలి.

సోదరులారా! గింజ ఒక సాధనం, మాత్ర ఒక సాధనం. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడే. గింజే తనంతట తాను నయం చేస్తుందనుకుంటే మన నమ్మకం ప్రభువును వదిలి గింజ మీదికి పోయినట్టే. ఆ సోదరునికి మేము చెప్పింది ఇదే: బిస్మిల్లాహ్ అని మాత్ర వేసుకో, డాక్టరును అడిగి కలౌంజీ తీసుకో, దుఆ చెయ్యి. నీ దేహం నీ సొత్తు కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్.

అల్లాహ్ మనందరికీ సరైన అవగాహననూ, రోగులకు స్వస్థతనూ ప్రసాదించుగాక! ఆమీన్.