బిడ్డ తరఫున

పసిబిడ్డకు ఏ పాలు పట్టాలి, ఏ గుడ్డ తొడగాలి, చేతికి ఏ చిరుతిండి ఇవ్వాలి అనేవి నైతిక సమస్యలని ఎవరైనా అంటే మన విమర్శకులు నవ్వవచ్చు. అవి స్త్రీల శీర్షికలలో తేలవలసిన సంగతులని వారి అభిప్రాయం. స్వేచ్ఛ, బాధ్యత, ఎంపిక వంటి మాటలను చర్చించటానికి వారికి ఒక యుద్ధమో, న్యాయస్థానమో, కనీసం విఫలమైన ప్రేమో కావాలి. కాని ఒక మనిషి మరో మనిషి తరఫున, అనుమతి అడిగే అవకాశమే లేకుండా, అతని ఒంటికీ కడుపుకూ సంబంధించిన నిర్ణయాలు రోజుకు పదిసార్లు చేసే సందర్భం ఇంతకంటె మరొకటి ఉన్నదా? కొనేది ఒకరు, అనుభవించేది మరొకరు. సరుకు బాగాలేదని చెప్పటానికి అనుభవించేవాడికి ఏడుపు తప్ప మాట లేదు. ఆ ఏడుపుకు కూడా మరో సరుకును మందుగా చూపించే ఏర్పాటు అంగట్లో ఉన్నది.

ఈ ప్రశ్నను గాలిలో కాక, హైదరాబాదు నుంచి ముంబాయి వెళ్ళే రోడ్డు మీద నిలబడి చూడటం మంచిది. రామచంద్రాపురంలో భెల్ కర్మాగారమూ, దాని క్వార్టర్లూ ఉన్నాయి. కాస్త ముందుకు పోతే పటాన్‌చెరు. 1972లో అక్కడ ఇక్రిశాట్ వెలిసింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద ప్రపంచానికంతటికీ పరిశోధన చేసిపెట్టే సంస్థ అది. ఆ దశకంలోనే పారిశ్రామికవాడ వచ్చింది. మందుల ఫ్యాక్టరీలూ, రసాయనాల ఫ్యాక్టరీలూ పాశమైలారం, బొల్లారం దాకా పాకాయి. వాటి చుట్టూ ఒకే గది, వరసకు ఒకే కుళాయి ఉండే అద్దె ఇళ్ళు లేచాయి. ఒడిశా నుంచీ, బీహారు నుంచీ, మన పల్లెల నుంచీ వచ్చినవారు వాటిలో కాపురాలు పెట్టారు. ఆ గదులలో పుట్టిన బిడ్డకు ఏది మంచిది అన్నదే మన ప్రశ్న.

ప్రభుత్వం ఈ ప్రశ్నకు ఒకసారి సూటిగా జవాబు చెప్పింది. 2017 జూన్‌లో తెలంగాణలో కేసీఆర్ కిట్ అనే పథకం మొదలయింది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లికి 16 వస్తువుల పెట్టె ఇచ్చేవారు. సబ్బు, నూనె, పౌడరు, దోమతెర, బట్టలు, ఆటబొమ్మ అందులో ఉండేవి; ఇదిగాక మగపిల్లవాడయితే విడతలవారీగా 12 వేలు, ఆడపిల్లయితే 13 వేలు. ఓట్ల కోసం చేసిన పని అని దీన్ని కొట్టిపారేసినవారు ఉన్నారు. ఓట్ల కోసమయినా సరే, ఆసుపత్రిలో కాన్పులకు అది ప్రోత్సాహమే. ఫిన్లండులో 1938 నుంచి ఇటువంటి పెట్టె ఇస్తున్నారు; మొదట బీదవారికి మాత్రమే, 1949 నుంచి అందరికీ. నాలుగో నెల దాటకముందే వైద్యపరీక్షకు రావటం దానికి షరతు. ఈ రెండు పెట్టెలలోనూ ఒక తాత్విక సూత్రం ఉన్నది: బిడ్డ అవసరాలు తండ్రి జేబును బట్టి కాక బిడ్డను బట్టి నిర్ణయమవుతాయి. ఇది చిన్న సంగతి కాదు. అయితే పెట్టెలో దోమతెర పక్కనే పౌడరు డబ్బా ఎందుకున్నది? పసిగుడ్డుకు దోమతెర కావాలి. పౌడరు అక్కరలేదు, అది ఊపిరిలోకి పోయి చెరుపు చేస్తుందని పిల్లల డాక్టర్లు చాలా కాలంగా చెబుతున్నారు. అది పెట్టెలోకి ఎక్కటానికి కారణం బిడ్డకు అవసరం కావటం కాదు, అది లేని పెట్టె పేదవాళ్ళ పెట్టెలాగా కనిపిస్తుందనే భయం. దశాబ్దాలుగా గోడలమీదా తెరలమీదా చూసిన బొద్దుపిల్లవాడి బొమ్మ ప్రభుత్వం చేత కూడా ఎంపిక చేయించింది.

ఇక పాలడబ్బా. వాడుకలో ఉన్న ప్రతి వస్తువూ తన చుట్టూ ఒక ఇంటిని ముందే ఊహించుకుంటుంది. పాలపొడి డబ్బా ఊహించుకున్న ఇంట్లో శుభ్రమైన నీరుంటుంది, ఆ నీటిని మరగబెట్టటానికి గ్యాసుంటుంది, సీసాను కడిగి ఉడికించే తీరిక ఉంటుంది, డబ్బా మీద కొలత చదివే మనిషి ఉంటుంది, నెలాఖరున పొడి తగ్గించి నీళ్ళు పెంచనక్కరలేని జీతం ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ డబ్బాలోని ఆహారమే విరేచనాలకు దారి అవుతుంది. 1974లో ఇంగ్లండులో ‘వార్ ఆన్ వాంట్’ అనే సంస్థ ఒక చిన్న పుస్తకం వేసి ఈ సంగతినే లోకానికి చాటింది. 1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలయింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకంపై నియమావళిని ఆమోదించినప్పుడు 118 దేశాలు అనుకూలంగా వోటు చేశాయి. వ్యతిరేకంగా వోటు చేసింది ఒక్క అమెరికా. మన దేశంలో 1992లో చట్టం వచ్చింది, 2003లో గట్టిపడింది. రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికీ, పాలసీసాలకూ ప్రకటన చెయ్యగూడదు, డబ్బా మీద తల్లి బొమ్మగాని బిడ్డ బొమ్మగాని వెయ్యగూడదు.

ఈ చట్టం మంచిదే. కాని డబ్బా మీది బొమ్మను తీసెయ్యగలిగిన చట్టం డబ్బా ఊహించుకున్న ఇంటిని కట్టించలేదు. పటాన్‌చెరు ప్రాంతంలో నక్కవాగు వెంబడి ఊళ్ళ బావులూ బోర్లూ ఫ్యాక్టరీల మురుగుతో చెడిపోయాయి. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ గ్రామాలకు తాగునీరు ఇవ్వండని కోర్టు చెప్పవలసి వచ్చింది. స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. బిడ్డకు విరేచనాలయితే డాక్టరు రాసే మందులలో అదీ ఒకటి. మందు వాగులో పారుతున్నచోట క్రిములు ఆ మందుకు లొంగటం మానుకుంటాయి. అంటే ఇక్కడి తల్లి సీసా కొన్నా, సీసాతో వచ్చిన జబ్బుకు మందు కొన్నా, ఆమె ఎంపిక చేసింది మార్కు పేరును మాత్రమే. నీటిని ఆమె ఎంచుకోలేదు. పక్కనే భెల్ క్వార్టర్లలో శాశ్వతోద్యోగికి నీరు, ఆసుపత్రి, బడి ఉద్యోగంతోపాటే వచ్చాయి. అదే పాలడబ్బా అక్కడికి పోతే చాలావరకు అపాయంలేని వస్తువవుతుంది. డబ్బా గుణం మారలేదు, ఇల్లు మారింది. (పాలు పడని తల్లులూ, తల్లి లేని బిడ్డలూ ఉన్నారు గనుక పాలపొడినే పాపమనటం మూఢత్వం. గేదెపాలతో పసిపిల్లల ఆహారం తయారు చేసే పద్ధతిని 1950 దశకంలో కనిపెట్టింది మైసూరులోని ప్రభుత్వ పరిశోధనాలయమే. తయారు చేసి అమ్మింది పాడిరైతుల సహకార సంఘమే.)

‘చదువుకున్న తల్లయితే చూసి కొంటుంది గదా’ అనేవారికి ఇటీవలి రెండు సంగతులు చాలు. విరేచనాలయిన బిడ్డకు పట్టే ఓఆర్‌ఎస్‌లో ఉప్పూ గ్లూకోజూ లెక్క ప్రకారం ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు. అంతకు ఎన్నో రెట్లు పంచదార పోసిన పానీయాలను ఓఆర్‌ఎస్ అక్షరాలు పేరులో తగిలించి మందుల షాపుల్లోనే అమ్మారు. పంచదార ఎక్కువయితే పేగులు నీటిని పీల్చుకోకపోగా విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో గాని ఆ అక్షరాలను తీసెయ్యమని ఆహార ప్రమాణాల సంస్థ ఆదేశించలేదు. ఇక్కడ మోసపోయినవాళ్ళు చదువుకోనివాళ్ళు కారు, చదవగలిగినవాళ్ళే. రెండోది: 2024 ఏప్రిల్‌లో ‘పబ్లిక్ ఐ’ అనే స్విస్ సంస్థ, సెరిలాక్‌ను స్విట్జర్లండులో పంచదార కలపకుండా అమ్ముతూ, ఇండియాలో పూటకు సగటున దాదాపు 3 గ్రాములు కలిపి అమ్ముతున్నారని బయటపెట్టింది. పంచదార తగ్గిస్తూ వస్తున్నామని కంపెనీ జవాబు చెప్పింది. ఒకే కంపెనీ, ఒకే పేరు, రెండు రకాల బిడ్డలు! అయితే అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో కూడా పంచదార ఉన్నది. స్విస్ కంపెనీని తిట్టి మన నాచారం ప్యాకెట్టు దగ్గర కళ్ళు మూసుకోవటం దేశభక్తి కావచ్చునేమో గాని విమర్శ మాత్రం కాదు.

దీనికి విరుగుడుగా మనలో కొందరు వెనక్కి చూస్తారు. పూర్వం జొన్నగటకా, రాగిజావా తిని పిల్లలు ఉక్కుముక్కల్లా పెరిగారంటారు. ఆ ఉక్కుముక్కలు పెరిగి పెద్దయినవారు. పెరగనివారిని గురించి చెప్పటానికి ఎవరూ మిగలలేదు. జొన్నే ప్రధానాహారమైన దక్కను పేదలలో పెలాగ్రా కనిపించటానికి కారణాలేమిటో డా. సి. గోపాలన్ ప్రభృతులు 1960 ప్రాంతాలలో హైదరాబాదులోనే పరిశోధించారు. ఆ లోపం జొన్నది కాదు, జొన్న తప్ప మరేమీ దొరకని బతుకుది. పక్కనే జహీరాబాదు మెట్టపొలాల్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత స్త్రీలు చిరుధాన్యాల విత్తనాలను కాపాడుకువచ్చిన తీరు వేరు: వారి చేలలో జొన్నతోపాటు కందీ, పెసరా, అనుములూ కలిసి పెరుగుతాయి. పప్పు తోడైతేనే అది బిడ్డకు తిండి. ఇప్పుడదే ధాన్యాన్ని రంగురంగుల సంచిలో పోసి, ‘అమ్మమ్మల నాటి’ అని పేరు పెట్టి, నగరంలో బిడ్డల ఆహారంగా పెద్ద ధరకు అమ్ముతున్నారు. ఆ ధాన్యం పండించిన పొలాలకు కూతవేటు దూరంలో కార్మికుల పిల్లలు ఐదు రూపాయల చిప్సు తింటున్నారు. అయినా ప్రకృతిసిద్ధమైనదంతా పసివాడికి మంచిదనుకోవటం అపాయం. పల్లీగింజ కూడా వాడి గొంతుకు అడ్డం పడవచ్చు.

బట్టల విషయంలో మాత్రం పాతవాళ్ళు మనకంటె తెలివిగా ఉన్నారు. పురుడు వెళ్ళేదాకా బిడ్డకు కొత్తబట్ట తొడగకుండా, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలుచీర పొత్తిళ్ళలో ఉంచేవారు. దానికి చెప్పే కారణాలు దిష్టి వగైరాలు. కాని గంజీ, అద్దకపు రంగూ పోయిన నూలుగుడ్డ పసిచర్మానికి మేలు. ఒక బిడ్డ చొక్కా మరో బిడ్డకు పోవటంలో చిన్నతనమూ ఉండేది కాదు. అటువంటి ఇంట్లోనే మొదటి పుట్టినరోజుకు సంతలో కొన్న మెరుపుల నెట్ గౌను, ఒళ్ళంతా గీసుకుపోయేది, ఎండలో తొడిగి ఫొటో తీయించి ఊరికి పంపుతారు. ఇది చూసి నొసలు చిట్లించే అభ్యుదయవాదులు నాకు తెలుసు. వారి పిల్లలు తెల్లని నూలుబట్టల్లో ఉంటారు. బీదవాళ్ళని ఎవరూ పొరపడరు గనుక వారు సాదాగా ఉండగలరు. ఒడిశాలో ఉన్న తాతకు ఆ ఫొటో చెప్పేది వేరు: మేమిక్కడ బతుకుతున్నాం. ఆ గౌను బిడ్డ కోసం కాదు, నిజమే. కాని ఆ ఒక్క గంట బిడ్డ పడే ఇబ్బందికి కారణం ఆడంబరం ఒక్కటేనని నేననలేను.

అసలు చిక్కు ఆ ఐదు రూపాయల ప్యాకెట్టు దగ్గర ఉన్నది. దానిలో ఉప్పూ నూనే తప్ప సారం లేదని తల్లికి తెలియదనుకోవటం మన అహంకారం. ఆమెకు తెలుసు. ఆ ప్యాకెట్టుకు మనం గమనించని గుణాలున్నాయి. వండనక్కరలేదు. మూత వేసి దాచనక్కరలేదు. ఈగ వాలదు. ఎనిమిదేళ్ళ అక్క చేతికిచ్చి పోతే, తల్లి డ్యూటీ నుంచి వచ్చేలోగా అక్క పొయ్యి ముట్టించనక్కరలేకుండా తమ్ముణ్ణి ఊరుకోబెట్టగలదు. రాగిజావ చవక, కాని దాన్ని కాచటానికీ, చల్లార్చటానికీ, చెంచాతో పట్టటానికీ ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఆ వేళకు మందుబిళ్ళలు ప్యాకింగు చేస్తూ ఉంటుంది. ఆమె కొన్నది తిండి కాదు, తాను లేని కాలంలో కొంత భాగం. ఈ ఎంపికను మూఢత్వమనటం తప్పు. ‘అంతా వ్యవస్థ దోషం, ఆమె చేసేదేమీ లేదు’ అనటం కూడా తప్పే. అది దయలాగా కనిపిస్తుంది గాని, ఆమెను ఆలోచించని జీవిగా చేస్తుంది. ఆమె ఆలోచించింది. పొయ్యి దగ్గర ఎనిమిదేళ్ళ పిల్లా, ఉప్పు తిన్న పసివాడూ, ఈ రెంటిలో ఏది తక్కువ కీడో తూచింది. ఆ తూకం ఆమె తెలివి. తక్కెడలో పెట్టటానికి ఆ రెండే మిగలటం ఆమె చేసింది కాదు.

మూడో వస్తువును తక్కెడలో పెట్టటం చట్టం ఎప్పుడో మొదలుపెట్టింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలు ఎక్కువగా పనిచేసేచోట వారి పిల్లలకు శిశుగృహం ఉండాలన్నది. 1976 సవరణతో ముప్ఫైమంది స్త్రీలకు మించి ఉంటే చాలునన్నారు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరిస్తూ సెలవును 26 వారాలు చేశారు. స్త్రీలూ పురుషులూ కలిసి యాభైమంది పనిచేసే ప్రతిచోటా శిశుగృహం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూడవచ్చుననీ రాశారు. బిడ్డ ఒక్క తల్లి వ్యవహారం కాదని లెక్కలోనయినా ఒప్పుకున్నారన్నమాట. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఆ యాభై సంఖ్యనే ఉంచింది. కాని సెలవు జీతం కావాలంటే కాన్పుకు ముందు ఏడాదిలో ఎనభై రోజులు పనిచేసినట్టు రుజువుండాలి. ఒకే గేటులోంచి లోపలికి పోయే మనుషులు నలుగురు కాంట్రాక్టర్ల నాలుగు రిజిస్టర్లలో ఉన్నప్పుడు ఆ ఎనభైని ఎవరు లెక్కిస్తారు, ఆ యాభైని ఎవరు కూడతారు? ఈ ప్రాంతంలో కోర్కెల పత్రాలు రాసే మిత్రులు వేతనం, బోనసు, క్యాంటీను ధరల తరువాత శిశుగృహాన్ని ఎన్నో అంశంగా రాస్తున్నారో, అసలు రాస్తున్నారో లేదో ఒకసారి తీసి చూసుకోవలసి ఉన్నది.