వినలేని బిడ్డయు ప్రశ్నాపత్రమును
ధ్యానభాగములు: న్యాయాధిపతులు 12:4-6, మార్కు 7:31-37, లూకా 1:62-63



హైదరాబాదులో రామంతాపూరునుండి తార్నాక మీదుగా పోవువారికి ఉస్మానియా విశ్వవిద్యాలయమును, దాని ప్రక్కనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమును కనబడును. మన గ్రామముల బిడ్డలును ఇట్టి చోట్లకు చదువుకై పోవుచున్నారు. వారిలో వినలేని బిడ్డకు పరీక్షలో అదనపు సమయమిచ్చినయెడల అది తక్కినవారికి అన్యాయమగునా?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, 17వ విభాగములో, అదనపు సమయము, వ్రాసిపెట్టు సహాయకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు వంటి మార్పులు పరీక్షలలో చేయవలెనని చెప్పుచున్నది. 2021లో సుప్రీంకోర్టు, వికాస్ కుమార్ వ్యాజ్యములో, ఇట్టి సదుపాయము సమానత్వములో భాగమేయని తీర్పు చెప్పెను.

ఇది ఏల అవసరము? మనకు తల్లియొడిలో చెవిద్వారా వచ్చిన తెలుగు, పుట్టుకతో వినలేని బిడ్డకు ఆలాగు రాలేదు. సైగల భాషకు దాని వ్యాకరణము దానికే కలదు. గనుక వ్రాతలోని తెలుగు సహా వానికి పరభాషవంటిది. పాఠము తెలిసియు, ప్రశ్నలోని మెలికలయందు చిక్కుకొనును.

యొర్దాను రేవులయొద్ద గిలాదీయులు పెట్టినదియు పరీక్షయే. "షిబ్బోలెతు" అని సరిగా పలుకలేనివారు చంపబడిరి. ఆ కాలమున 42,000 మంది ఎఫ్రాయిమీయులు కూలిరి. గిలాదీయులు నాలుకనే పరీక్షింపగోరిరి. మనమైతే జ్ఞానమును పరీక్షించుచున్నామని చెప్పుకొని, నాలుకను పరీక్షించుచున్నామేమో!

అయితే జవాబును చేతికిచ్చుట న్యాయము కాదు. ప్రశ్నలోని మాటలను సులభము చేయవచ్చును గాని, విషయమును తేలిక చేయరాదు. భాషయే పరీక్షింపబడుచోట ఈ హద్దు నిర్ణయించుట కష్టమేయని ఒప్పుకొందము. కష్టమైనంతమాత్రమున విడిచిపెట్టదగినది కాదు.

దెకపొలి ప్రాంతములో ప్రభువు చెవిటివానిని సమూహమునుండి ప్రత్యేకముగా తోడుకొనిపోయి, వాని చెవులలో వ్రేళ్లు పెట్టి, నాలుక ముట్టెను. మాటకు ముందు, వానికి తెలియు రీతిని తాకి చూపెను. అందువలన సమూహములో ఎవరి పాలు తగ్గెను?

ఇప్పుడు మన సంఘము సంగతి చూతము. ఆదివారపు బడిలో వాక్యము కంఠతా చెప్పలేని బిడ్డను, వ్రాసి చూపుమని ఎప్పుడైన అడిగితిమా? వెనుక వరుసలో కూర్చుండి బోధకుని పెదవులనే చూచుచున్న సహోదరికి, ఆనాటి వాక్యభాగము ఒక కాగితముమీద వ్రాసి యిచ్చితిమా? జెకర్యా బంధువులు ఆయనకు సైగలు చేసి అడిగిరి. ఆయన వ్రాతపలక తెమ్మనెను. ఆ పలక దొరికినందుననే యోహాను అను పేరును ఆయన వ్రాసి చూపగలిగెను. వచ్చు ఆదివారము మనము ఒక పలకతో ప్రారంభింతము.