ఆట – ప్రాజెక్టు – మార్కు: ఒక నైతిక విచారణ

తరగతిగదిలో ఆట బోధనాసాధనమైనప్పుడు ఒక నైతిక ప్రశ్న తలెత్తుతుంది: మార్కులకు ముడిపెట్టిన ఆట ఆటగానే మిగులుతుందా? ఓడినా నష్టం లేకపోవడం ఆట ధర్మం. పొడుపుకథ విప్పలేని పిల్లవాడు అరుగు మీద మరొకటి వేయమంటాడు; బడిలో మార్కు కోల్పోతాడు.

ప్రాజెక్టు విషయమూ ఇంతే. విలియం కిల్‌పాట్రిక్ 1918లో ప్రకటించిన ‘ప్రాజెక్టు పద్ధతి’ వ్యాసంలో, విద్యార్థి మనస్ఫూర్తిగా స్వీకరించిన ఉద్దేశమే ఈ పద్ధతికి కీలకమన్నాడు. సామెతల సేకరణను పిల్లలు గైడు చూసి రాసుకొస్తే ప్రాజెక్టుకు పేరు మాత్రమే మిగులుతుంది. నాయనమ్మ వాడిన సామెత ఏ సందర్భానికి చెల్లుతుందో తెలుసుకోవాలనే కుతూహలం పిల్లవాడిదైతేనే అది అధ్యయనమవుతుంది.

మూల్యాంకనం లేనిదే అభ్యసనం తెలిసేదెలా అన్న ఆక్షేపం సమంజసమే. అయితే విప్పిన పొడుపుకథకు కారణం చెప్పించడమూ మూల్యాంకనమే. తప్పిన ఊహకు మార్కు తగ్గించకపోవడం న్యాయం. కనుక ఆటను ప్రవేశపెట్టే ఉపాధ్యాయుడు ముందుగా బాలలకు ఓడిపోయే హక్కునివ్వాలి.