పేరు - బిడ్డకు మనమిచ్చే తొలి కానుక



ఆ మధ్య పాతబస్తీలో ఒక ఇంట అఖీఖాకు వెళ్ళాను. బిడ్డకు తల వెంట్రుకలు తీశారు, మాంసం పంచారు, దావత్ ఘనంగా జరిగింది. భోజనాలయ్యాక దాదీమా మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని, "బేటా, పేరు బాగుంది. దీని అర్థమేమిటి?" అని అడిగింది. కొడుకు భార్య వైపు చూశాడు. ఆమె ఫోను తీసింది. "అర్థం చూడలేదు అమ్మీ. వినడానికి కొత్తగా ఉంది, మన గల్లీలో ఇంకెవరికీ లేదు" అంది. వెతికితే ఒక చోట 'యువరాణి' అనీ, మరో చోట 'వెన్నెల' అనీ ఉంది. ఏ భాషా పదమో మాత్రం ఎక్కడా లేదు. ఆ పేరు ఇక్కడ రాయను. పేరు పట్టుకుని ఒకరిని ఎగతాళి చేయడాన్ని దివ్య ఖుర్ఆన్ (49:11) వారించింది. తప్పు పసిబిడ్డది కాదు కదా!

మంచి పేరు పెట్టడం తల్లిదండ్రుల ముచ్చట మాత్రమే కాదు, బిడ్డకు మనమీద ఉన్న హక్కు. బిడ్డకు ఏడో రోజున పేరు పెట్టడం సంప్రదాయం. పుట్టిన వెంటనే పెట్టినా తప్పు లేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తన కుమారునికి పుట్టిన రాత్రే ఇబ్రాహీమ్ అని పేరు పెట్టారు.

ఆయన (స) పేర్ల అర్థాన్ని ఎంతో పట్టించుకునేవారు. ఒకామెకు 'అవిధేయురాలు' అని అర్థమిచ్చే ఆసియా అనే పేరుంటే, దాన్ని మార్చి జమీలా (అందమైనది) అన్నారు. మరొకాయన పేరు హజ్న్. అంటే రాళ్ళూ రప్పలూ నిండిన గరుకు నేల. "సహల్ (చదునైన నేల) అని మార్చుకో" అని సూచిస్తే, తండ్రి పెట్టిన పేరు మార్చుకోనన్నాడాయన. ఆ గరుకుదనం తర్వాత కూడా తమ వంశాన్ని వదలలేదని ఆయన మనవడు, గొప్ప పండితుడు సయీద్ బిన్ ముసయ్యబ్ (రహ్మలై) చెప్పుకున్నారు.

ఇక్కడ తెలుగు చదివే మనం ఒక సంగతి గమనించాలి. ఫిరౌన్ భార్య, పుణ్యవతి హజ్రత్ ఆసియా (అలై) పేరు కూడా తెలుగులో అలాగే రాస్తాం. అరబీలో రెండింటి అక్షరాలు వేరు. ఒకటి శుభనామం, మరొకటి మార్చవలసిన పేరు. తెలుగు లిపిలో ఆ తేడా కనబడదు. అందుకే పేరు ఎంచుకునేటప్పుడు, "ఇది అరబీలో, ఉర్దూలో ఎలా రాస్తారు?" అని ఆలిమ్‌నో, మస్జిద్ ఇమామ్ సాహెబ్‌నో అడగండి.

అయితే పేరు అరబీలోనే ఉండాలా? అవసరం లేదు. అర్థం మంచిదైతే చాలు. ఇస్మాయీల్, ఇస్‌హాఖ్, యాఖూబ్ అనేవి హీబ్రూ మూలాలున్న పేర్లు. ఇస్మాయీల్ అంటే 'దేవుడు ఆలకించాడు' అని. నస్రీన్ ఫార్సీ మాట, అడవి గులాబీ అని అర్థం. పర్వీన్ కూడా ఫార్సీయే. ఆకాశంలో మనం కృత్తికలు అని పిలిచే చుక్కల గుంపు అది. అదే గుంపును అరబీలో సురయ్యా అంటారు. మూడు భాషల్లో మూడు పేర్లు, చుక్కలు అవే, వాటిని సృష్టించినవాడూ ఒక్కడే.

మన నేలలోనూ పేర్లు ఇలాగే కలిశాయి. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను పాలించిన ఇబ్రాహీమ్ కుతుబ్ షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అన్నారు. 1591లో ఆయన కుమారుడు ముహమ్మద్ కులీ కట్టించిన నగరమే మన హైదరాబాద్. పల్లెల్లో సయ్యద్ అనే మాట గౌరవంగా 'సైదులు' అయింది. ఆ పేరు ముస్లిమేతర సోదరులు కూడా పెట్టుకుంటారు. పేరు పలికే నోరు మారితే ఫరవాలేదు, అర్థం చెడకూడదు.

అర్థం చెడేది ఎక్కడో చూడండి. అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అల్లాహ్‌కు ఎంతో ప్రియమైన పేర్లని ప్రవక్త (స) తెలిపారు. మనం ఆ పేర్లు పెడతాం. తర్వాత ఇంట్లో 'రహమాన్', బడిలో 'అబ్దుల్' అని ముక్కలు చేస్తాం. అబ్దుల్ అంటే ఎవరి దాసుడో చెప్పకుండా ఆగిపోయిన మాట. రహ్మాన్, ఖాలిఖ్, రజాఖ్ అనేవి సృష్టికర్తకే తగిన నామాలు. దాసుణ్ణి ప్రభువు పేరుతో పిలవవచ్చా? అబ్దుర్రజాఖ్‌ను అబ్దుర్రజాఖ్ అనే పిలుద్దాం. రెండు క్షణాలు ఎక్కువ పడుతుంది, అంతే.

మరో దురభ్యాసం ఉంది. బిడ్డకు తరచూ జబ్బు చేస్తే మన గల్లీల్లో, "నామ్ భారీ హై" అంటారు. పేరు బరువైందట, మార్చాలట! పుట్టిన బిడ్డలు దక్కకపోతే తర్వాతి బిడ్డకు పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టే ఆచారం తెలుగు పల్లెల్లో ఉండేది. ఆ తల్లుల కడుపుకోత అర్థం చేసుకోదగినదే. కాని ప్రాణం పోసేదీ తీసేదీ అల్లాహ్ మాత్రమే. చెడు అర్థముంటే పేరు మార్చండి. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, దుఆ చేయండి. పేరు మీద నింద వేయకండి.

చివరగా ఒక లోక వ్యవహారం. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు తేలకపోతే, నమోదైన 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి ఒక కాగితంలో 'మహమ్మద్', మరో దానిలో 'ఎం.డి.' అని రాయించకండి. ఆ అశ్రద్ధకు రేపు బిడ్డ ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఆ రోజు దాదీమా కోడలిని మందలించలేదు. "ఇమామ్ సాహెబ్‌ను అడుగుదాం బేటీ, మంచి అర్థముంటే ఇదే ఉంచుదాం" అంది. పెద్దరికం అంటే అదే. మన పిల్లలు ఏదో ఒక రోజు, "నా పేరుకు అర్థమేమిటి?" అని అడుగుతారు. ఆ రోజు తలదించుకోకుండా జవాబు చెప్పగల పేర్లు పెట్టే భాగ్యాన్నీ, ఆ పేర్లకు తగిన నడవడిని వారికీ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.