ఖాళీ చిప్పకూ ఒక పని ఉంది



"వాడి చేతికి చిప్ప వచ్చింది" అంటాం. సర్వం పోగొట్టుకున్నాడని మన భావం. కొబ్బరి తీసుకున్నాక మిగిలే చిప్పకు మనమిచ్చే విలువ అంతే. అది పొయ్యిలోకో, పెంటకుప్ప మీదికో పోతుంది.

నేడు ఆ చిప్పల బొగ్గుతోనే విద్యుత్తును నిలువచేసే సూపర్ కెపాసిటర్లు తయారుచేస్తున్నారు. చైనాలోని షాంఘై నగరంలో 2006లో సూపర్ కెపాసిటర్లతో బస్సులనే నడిపించారు. స్టాపులో ప్రయాణికులు ఎక్కి దిగే కొద్దిసేపట్లోనే అవి ఛార్జి ఎక్కించుకుని ముందుకు సాగేవి.

చిప్ప ఇంతటి పనికి ఎలా వచ్చింది? ఆరుబయట మంటలో వేస్తే గుప్పెడు బూడిదే మిగులుతుంది. గాలి సోకకుండా మూసి కాలిస్తే బొగ్గవుతుంది. ఆ బొగ్గుమీదికి సుమారు 900 డిగ్రీల వేడిలో నీటి ఆవిరిని పంపుతారు. ఆవిరి దానిని లోలోపల తొలిచి, కంటికి కనిపించని కోటానుకోట్ల రంధ్రాలు చేస్తుంది. ఒక్క గ్రాము బొగ్గులోని ఆ రంధ్రాల గోడలన్నీ పరిస్తే 1000 చదరపు మీటర్లకు మించుతాయి. అంటే దాదాపు 25 సెంట్ల నేల! విద్యుత్ కణాలు ఆ గోడలను అంటిపెట్టుకుని నిలుస్తాయి. బ్యాటరీ పట్టినంత శక్తి ఇందులో పట్టదు. కాని లక్షలసార్లు నింపి ఖాళీచేసినా ఇది పనిచేస్తుంది.

చూశారా! ఆ బొగ్గుకు విలువ తెచ్చింది దానిలోని ఖాళీయే. క్రీస్తు ప్రభువు తన్ను తాను రిక్తుని చేసుకొనెనని పౌలు గారు ఫిలిప్పీయులకు వ్రాశారు (2:7). ఒక వస్తువు ఉన్న స్థితి వేరు, అది కాగలిగిన స్థితి వేరు అని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు.

మరి మన ఇళ్లలో "చిప్ప"లని పక్కన పెట్టినవారు లేరా? పనిచేయలేని ముసలి తండ్రి, పరీక్ష తప్పిన కుమారుడు, భర్త వదిలేసిన ఆడపడుచు, తాగుడుకు బానిసైన తమ్ముడు. వారు ఇప్పటికే కాలుతున్నారు. నలుగురిలో పెట్టి ఎత్తిపొడిస్తే ఆ మంటకు గాలి విసిరినట్లే, చివరకు బూడిదే మిగులుతుంది. మన ఆదరణ చుట్టూ కమ్ముకుంటే, వారిలో ఏర్పడిన ఆ ఖాళీలోనే దేవుని కృప నిలుస్తుంది. తాగివచ్చి కొట్టేవానిని మౌనంగా భరించమని నేను చెప్పడం లేదు. వాని చేయి ఆపాలి, చికిత్స చేయించాలి. మనిషిని మాత్రం పారవేయరాదు.

5 రొట్టెలతో 5000 మందిని తృప్తిపరచిన ప్రభువుకు రొట్టెలకు కొదువా? అయినా మిగిలిన ముక్కలు వృథా కాకుండా ఏరమని శిష్యులను ఆజ్ఞాపించారు (యోహాను 6:12). 12 గంపలు నిండాయి.

ఈ ఆదివారం దివ్యబలిపూజకు బయలుదేరేముందు, మీ ఇంట అలా మిగిలిపోయిన ఒక్కరిని పేరుపెట్టి పిలవండి. గుడిలో మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.

ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.