పరాన్నజీవులు - గృహస్థుని అహింస

పరుల కష్టముపై బ్రతుకువానిని లోకము జలగయని నిందించును. ఆ నింద మనుష్యునకు తగును, జలగకు తగునా? మనుష్యునకు వేరు మార్గము కలదు, జలగకు లేదు. ఎంచుకొను శక్తి లేనిచోట నిందకు తావు లేదు.

మామిడికొమ్మపై మొలచిన బదనికను తోటమాలి నరికివేయును. అది చెట్టు సారమును పీల్చుట నిజమే. కాని దాని పండ్లు తిని బ్రతుకు చిన్నపిట్టలు కలవు. దాని గింజలను కొమ్మకొమ్మకు చేర్చునవియు అవియే. ఆస్ట్రేలియాలో కొన్ని అడవితోపులనుండి బదనికజాతి మొక్కలను తొలగించి చూచిరి. మూడేండ్లలో అచట స్థిరముగా నుండు అడవిపక్షుల జాతులలో మూడవవంతుకు పైగా కనుమరుగయ్యెనని 2012లో ప్రకటించిరి. బదనిక ఆకులు రాలి నేలలోని పురుగులకు పోషణ కలిగించును. ఆ పురుగులే పక్షులకు ఆహారమని పరిశోధకుల అభిప్రాయము. జీవులు ఒకదానికొకటి తోడ్పడునను జైనసిద్ధాంతమునకు పరాన్నజీవియు వెలియైనది కాదు.

అయినను, తన దేహముననే చేరి పీడించు జీవి విషయమున గృహస్థుడేమి చేయవలెను? నారికురుపు దీనికి దృష్టాంతము. ఆ పురుగు పిల్లలను నీటిలోని సైక్లాప్స్ అను సూక్ష్మజీవి మ్రింగును. ఆ నీరు త్రాగినవాని దేహములో పురుగు సుమారు ఏడాది పెరిగి, తరచు కాలినుండి వెలికివచ్చును. మంటకు తాళలేక రోగి చెరువులో కాలుపెట్టగా పిల్లలు మరల నీటిలో చేరును. దీనికి టీకా లేదు, నయముచేయు మందు లేదు. 1984లో దేశమున సుమారు 40 వేలమంది దీనిపాలైరి. ఆంధ్రదేశపు పల్లెలును అందు కలవు.

ప్రజలకు నీటిని గుడ్డతో వడగట్టుట నేర్పిరి. కురుపుగలవారిని త్రాగునీటిలో దిగవలదనిరి. దిగుడుబావులను మార్చి, చేతిపంపులు వేసిరి. 1996 జూలైలో జోధ్‌పూర్ జిల్లాలో కనబడినదే చివరి కురుపు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని ధ్రువపరచెను.

ఇది హింస కాదా? కొన్ని నీటిపట్టులలో మందు వేసి సైక్లాప్స్‌ను చంపిన మాట నిజము. దానిని హింస కాదనరాదు. అది చంపవలెనను కోరికతో చేసిన సంకల్పహింస కాదు, రక్షణకై తప్పక చేసినదని మాత్రమే చెప్పవచ్చును. కాని వడగట్టు గుడ్డ ఎవరిని చంపినది? జైనగృహములలో గుడ్డపై మిగిలిన జీవులను ఆ నీటిలోనే మరల విడుచుట ఆచారము. చెరువులో కాలుపెట్టకుండ ఓర్చుకొన్న రోగియు ఎవరిని చంపలేదు. పురుగుకు దారి మూసినది వారి సంయమమే.

అయితే ఇచట ఒక హెచ్చరిక కలదు. తాను వడగట్టి త్రాగి, మిగిలినది చెరువులో విడిచినవాడు తాను తప్పించుకొన్నాడు. వడగట్టనెరుగని పొరుగువానికి ఆపద అట్లే యున్నది. సూక్ష్మజీవిపై చూపిన దయ పొరుగువానివరకు చేరనిచో ఆ అహింస సగమే. కావున బావి త్రవ్వించుట, చలివేంద్రములో శుభ్రమైన నీరుంచుట కేవలము కీర్తికై చేయు దానములు కావు. వడగట్టు గుడ్డతో ఆరంభించిన వ్రతమునకు అవియే పూర్తి.