నెత్తి మీద స్లాబు ఎవరి చేతిది?

మా కొండ ఊళ్లలో ఇల్లు మొదలుపెట్టిన కుటుంబాలన్నీ ఒకే చోటికొచ్చి ఆగుతున్నాయి. పునాది అయిపోయింది, గోడలు లేచాయి, ఇక స్లాబు వెయ్యాలి. మనమే వేసుకుందామా, మేస్త్రికి ఇచ్చేద్దామా?

పైకి చూస్తే ఇది డబ్బు లెక్క. పీఎం జన్‌మన్ కింద సవర కుటుంబానికి ఇంటికోసం వచ్చేది 2 లక్షలు. ఉపాధి హామీ కూలి, మరుగుదొడ్డి సొమ్ము కలుపుకుంటే 2 లక్షల 39 వేలు. సిమెంటు, ఇనుము ఆమదాలవలసలో కొని, ట్రాక్టరు మీద కొండ కిందిదాకా తెచ్చి, అక్కడినుంచి నెత్తి మీద మోసుకెళ్లే ఊరికి ఆ సొమ్ము ఎంతవరకు వస్తుంది? మేస్త్రికి ఇచ్చేది మిగిలితే తలుపులు, కిటికీలు వస్తాయి. అలాంటప్పుడు ‘మనమే వేసుకుందాం’ అన్న మాటను ఎవరూ తప్పుపట్టలేరు.

ప్రభుత్వం కూడా అదే అంటోంది. గ్రామీణ ఆవాస్ యోజన నిబంధనల ప్రకారం లబ్ధిదారే తన ఇల్లు కట్టుకోవాలి, మధ్యలో కాంట్రాక్టరు ఉండకూడదు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన ‘పేదలందరికీ ఇళ్లు’ పథకంలోనైతే మూడు దారులు చూపించారు: సామాను, కూలి డబ్బు ప్రభుత్వం ఇస్తే నువ్వు కట్టుకో, లేదా అంతా నువ్వే కొని కట్టుకుని డబ్బు తీసుకో, లేదా మేమే కట్టిస్తాం. ఆ కాగితం మీద టిక్కు పెట్టినవాళ్లలో కాంక్రీటు అంటే ఏమిటో తెలిసి పెట్టినవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే. కాగితాల సంగతి అలా ఉంచి, అసలు ప్రశ్న చూద్దాం. నా ఇంటి కప్పు నేను వేసుకునే హక్కు నాకుంది. కానీ దాని కింద నేనొక్కడినే పడుకోను. నా భార్య, పిల్లలు, ముసలి తల్లి, పండక్కి వచ్చిన చుట్టాలు పడుకుంటారు. నాకు పూర్తిగా తెలియని పనిని వాళ్ల తలల మీద చేసే హక్కు నాకెక్కడిది?

మన పెద్దలకు ఈ ప్రశ్న రాలేదు. దానికి కారణం ఉంది. మట్టి ఇంటి పని అందరికీ తెలిసిన పని. ఎర్రమట్టి తొక్కడం, వరస వరసగా గోడ పెట్టడం, ఒక వరస ఆరేదాకా ఆగడం, వెదురు, కర్ర కోసి తెచ్చి గడ్డి కప్పడం చిన్నప్పటినుంచీ చూస్తూ పెరిగినవాళ్లే చేశారు. ఈరోజు నీ ఇంటికి నేను వస్తే, రేపు నా ఇంటికి నువ్వు వస్తావు. ఇంటివాళ్లు గంజి, కూర, కల్లు పెడితే చాలు. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మట్టి ఇల్లు తన జబ్బును దాచుకోదు. గోడ కింద తడెక్కితే కనిపిస్తుంది. వాసానికి చెద పడితే పొడి రాలుతుంది. కప్పు కారితే ఆ చోట నాలుగు మోపుల గడ్డి వేస్తాం. ఏడాదికోసారి అలుకుతాం, రెండు మూడేళ్లకి కప్పు మారుస్తాం. ఎప్పటికప్పుడు దిద్దుకోగలిగిన ఇల్లది. కాబట్టి ‘ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకోవాలి’ అన్నది ఆ ఇంటికి సరిపోయిన నీతి.

అలాగని గడ్డి ఇంటిని పొగిడి ఊరుకోను. సెలవుల్లో వచ్చి ఫొటోలు తీసుకునేవాళ్లకి అది అందంగానే ఉంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ రాత్రి గడ్డి కప్పు కింద గడిపినవాళ్లని అడగండి. స్లాబు కావాలని మనవాళ్లు కోరుకోవడం డాబు కోసం కాదు. నిప్పు, గాలి, పాము, ఏడాదేడాదీ గడ్డి కోసం తిరుగుడు, ఇవన్నీ తప్పుతాయని.

ఇక కాంక్రీటు సంగతికి వద్దాం. ఆవాస్ యోజన ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు. నాలుగంగుళాల మందంతో స్లాబు వేస్తే రెండున్నర ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. బరువు సుమారు 6 వేల కిలోలు. మనిషి 60 కిలోలనుకుంటే, వంద మంది మన కప్పెక్కి రాత్రింబగళ్లు కదలకుండా నిలబడ్డట్టు. గడ్డి కప్పు కూలితే కిందనుంచి పాక్కుంటూ బయటికి రావచ్చు. దీని కిందనుంచి రాలేం.

ఆ బరువును మోసేది సిమెంటు, ఇనుము కలిసి. కాంక్రీటు నొక్కుడుకి గట్టిది, సాగుడుకి బలహీనం. సాగే చోట ఇనుము ఉండాలి. గది మీద స్లాబు మధ్యలో కిందకి వంగుతుంది కాబట్టి సాగేది అడుగు భాగం, ముఖ్యమైన ఊచలు అడుగున ఉండాలి. గోడ బయటికి చాచిన సన్‌షేడ్ కొస కిందకి వంగుతుంది కాబట్టి అక్కడ సాగేది పై భాగం, ఊచలు పైన ఉండాలి. తెలియనివాడు రెండు చోట్లా అడుగునే పరుస్తాడు. తెలిసినవాడు సరిగ్గా కట్టినా, పోసేటప్పుడు కూలీలు వాటి మీద నడిస్తే పై ఊచలు కిందికి దిగిపోతాయి. పోసేశాక తప్పుగా వేసిన సన్‌షేడ్‌కీ సరిగ్గా వేసిన సన్‌షేడ్‌కీ చూపులో తేడా ఏమీ ఉండదు. అడుగు చెక్కలు తీసిన రోజు తెలియవచ్చు, దాని మీదికి పిల్లలెక్కిన రోజు తెలియవచ్చు. మట్టికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. కాంక్రీటు తప్పును లోపల దాచుకుంటుంది, తర్వాత దిద్దనివ్వదు.

నీళ్ల విషయం చూడండి. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు పాళ్ల పిక్క అన్నది చాలామందికి నోటికొచ్చు. నీళ్ల పాలు మాత్రం ఎవరూ చెప్పరు. 50 కిలోల బస్తాకి సుమారు 25 లీటర్లు. సిమెంటు గట్టిపడటానికి నిజంగా తీసుకునేది దాని బరువులో నాలుగో వంతు అటూ ఇటూ, మిగతాది మాలు కలపడానికి వీలుగా ఉండేందుకే. ఎక్కువ పోసిన నీరు తర్వాత ఆవిరై, సన్నటి ఖాళీలు వదిలిపోతుంది. నాగావళి ఇసుక తడిగా వస్తే ఆ తడినీ లెక్కలోంచి తీసెయ్యాలి. కానీ నీళ్లు ఎక్కువైతే మాలు జారుతుంది, పని తొందరగా అవుతుంది. ఎండలో గమేళాలు అందిస్తున్న ఎవరికైనా ఇంకో బకెట్టు పొయ్యాలనే అనిపిస్తుంది.

‘హైదరాబాదులో పన్నెండంతస్తుల బిల్డింగులకి స్లాబులు పోశాను మేష్టారూ, ఇంతోటి ఇల్లు పొయ్యలేనా?’ అని ఒక కుర్రాడు నన్నడిగాడు. నా దగ్గర చదువుకున్నవాడే. ఆమదాలవలసలో రైలెక్కి వెళ్లి ఆరేళ్లు పని చేసొచ్చాడు. (స్టేషన్ మా ఊళ్లోదే, బోర్డు మీద పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్.) ఆ ప్లాట్‌ఫారం మీద మూటలతో కనిపించే కుర్రాళ్లలో చాలామంది వెళ్లేది ఇలాంటి పనులకే. వాడి మాటలో ఉక్రోషం ఉంది, న్యాయమూ ఉంది. ఊరోళ్ల మేడలన్నీ మన చేతులతో లేచి, మన ఇంటికి వచ్చేసరికి ఆ చేతులు పనికిరావా?

నేను వాడిని తిరిగి రెండు అడిగాను. అక్కడ ఊచల దూరం ఎవరు చెప్పేవారు, మాలు బాగోలేదని వెనక్కి పంపేది ఎవరు? ఊచల సంగతి ఇంజనీరు కాగితంలో ఉండేది. మాలు ప్లాంటునుంచి లారీలో వచ్చేది, వాళ్లే పరీక్ష చేసుకునేవారు. ఇతను పోసేవాడు, వైబ్రేటర్ పట్టేవాడు. పట్నంలో పనిని ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. పన్నెండేళ్లు చేసినా ఆ ముక్కే వస్తుంది. అది మన కుర్రాళ్ల తెలివి తక్కువతనం కాదు, పని పంచిన తీరు. వాడికున్న నైపుణ్యం నిజమైనది. అయితే అది మొత్తం పని కాదు. ఈ తేడాను ఒప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా ఉన్నవాళ్లందరికీ పాఠం చెప్పడం వచ్చని మనం అనం కదా. చెప్పగలిగినవాళ్లందరికీ డిప్లొమా లేదని కూడా మనకు తెలుసు.

సరే, అయితే మేస్త్రికి ఇచ్చేస్తే మన బాధ్యత తీరిపోయిందా? సుమారు 3,700 ఏళ్ల కిందట బాబిలోనియా రాజు హమ్మురాబి ఒక శాసనం చేశాడు. ఇల్లు గట్టిగా కట్టక, అది కూలి యజమాని చస్తే కట్టినవాడిని చంపాలి. యజమాని కొడుకు చస్తే కట్టినవాడి కొడుకుని చంపాలి. రెండోది వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ కొడుకు చేసిన పాపమేమిటి? అయినా డబ్బు తీసుకుని కట్టినవాడు ఆ ఇంటి ప్రాణాలకు బాధ్యుడన్న ఆలోచన ఎంత పాతదో దాన్నిబట్టి తెలుస్తుంది. మన ఊళ్లలో గుత్తకి ఒప్పుకున్న మేస్త్రికి ఏ శాసనమూ లేదు, రాతకోత కూడా లేదు. గుత్త పని కాబట్టి ఎంత తొందరగా దిగితే అతనికి అంత లాభం. సెంట్రింగు సామాను అద్దె రోజు లెక్కన ఉంటుంది కాబట్టి చెక్కలు ఎంత తొందరగా ఊడదీస్తే అంత లాభం. చిన్న గదుల స్లాబు కింద దన్నులు కనీసం 7 రోజులు, బీముల కింద 14 రోజులు ఉంచాలని మన దేశ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఇది ఇంటివాడికి తెలియదు. తెలిసినా అడగడు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ అడగకపోవడమే. కిందినుంచి వచ్చిన మేస్త్రికి మనవాళ్లు కుర్చీ వేస్తారు, కోడి కోస్తారు, ‘బాబూ’ అంటారు. మర్యాద మంచిదే. అతను ఇంకో బకెట్టు నీళ్లు పొయ్యమంటే మాత్రం మారు మాట్లాడరు. తెలిసినవాడిని పిలిచామన్న ధైర్యంతో మనం తెలుసుకోవడం మానేస్తే, తెలియకుండా సొంతంగా పోసుకోవడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. రెండూ పాచికలే. ఒకదానిలో డబ్బు కూడా పోతుంది.

గుజరాత్‌లో 2001 జనవరి 26 భూకంపం తర్వాత లక్షల ఇళ్లు మళ్లీ కట్టాల్సి వచ్చింది. అక్కడ చాలావరకు డబ్బు విడతలుగా ఇంటివాళ్ల చేతికే ఇచ్చి, ఎవరి ఇల్లు వాళ్లనే కట్టుకోమన్నారు. అంతటితో వదిలెయ్యలేదు. తాపీ పనివాళ్లకి శిక్షణ ఇచ్చారు, ఇంజనీర్లు వచ్చి చూశాకే తర్వాతి విడత ఇచ్చారు. సొంతంగా కట్టుకోవడమన్నది ఒంటరిగా కట్టుకోవడం కానవసరం లేదు. 2010లో హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు, ఇనుము చాలని, సిమెంటు తక్కువైన కాంక్రీటు ఇళ్లు వేలకొద్దీ జనం మీద కూలిపోయాయి. మనది అంత భూకంపాల నేల కాదు. అయినా ఆ ఇళ్లు కట్టుకున్నవాళ్లు మనలాంటి పేదవాళ్లేనన్నది మరిచిపోలేను.

నా మట్టుకు నేను గీసుకున్న గీత ఇది. కాళ్ల కింద ఉండేదంతా మనమే పోసుకోవచ్చు. నేల, అరుగు, పశువుల శాల గచ్చు, బావి చుట్టూ చప్టా. పగిలితే పగులుతుంది, మళ్లీ పోసుకుంటాం. పని నేర్చుకోవడానికి కూడా అవే తగినవి. నెత్తి మీద ఉండేదానికి మొత్తం పని తెలిసిన మనిషి కావాలి. అతను మేస్త్రే కానక్కర్లేదు, మన కుర్రాడే కావచ్చు, అయితే మొత్తం తెలిసి ఉండాలి. ఇంటివాళ్లు పక్కన నిలబడి ఊచల కింద కవర్ బ్లాకులు ఉన్నాయా, బస్తాకి ఎన్ని లీటర్లు పోస్తున్నారు, సన్‌షేడ్ ఊచలు పైన ఉన్నాయా అని చూడాలి. కూలిపని మన సాయం పద్ధతిలోనే నడవనివ్వండి. ఇరవై బస్తాల మాలు ఒక్క పూటలో, మధ్యలో ఆగకుండా పోయాలంటే ఊరంతా రావాల్సిందే. ఆ రోజుకి మన పాత పద్ధతి కంటే మంచి ఏర్పాటు ఏ కాంట్రాక్టరు దగ్గరా లేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఈ చర్చలో అది ఎప్పుడూ రాదు. ‘మనమే వేసుకుందాం’ అనేటప్పుడు ‘మనం’ అంటే ఎవరు? పోసిన మర్నాటినుంచి స్లాబు మీద మాలుతో చిన్న గట్లు కట్టి, మడిలో నిలిపినట్టు నీళ్లు నిలపాలి. ఇప్పుడు ఎక్కువగా దొరికే బూడిద కలిసిన సిమెంటుకి కనీసం 10 రోజులు, 14 రోజులైతే ఇంకా మంచిది. 25 చదరపు మీటర్ల మీద రెండంగుళాల నీరు నిలవాలంటే 1,250 లీటర్లు కావాలి. పదిహేను లీటర్ల బిందెతో ఎనభైకి పైగా బిందెలు. ఎండకి రోజూ ఆవిరైపోయేది వేరే. పనులు జరిగేది వేసవిలో, ఊట ఉండేది కొండ కింద, మోసేది ఆడవాళ్లు. మేస్త్రికిచ్చే డబ్బు మిగిల్చామనే లెక్కలో ఆ బిందెలు ఎవరూ రాయరు. మేస్త్రిని పెట్టినా ఆ బిందెలు వాళ్లవే. పోసే రోజు కల్లు తాగి డప్పు కొట్టిన మగవాళ్లలో సగం మంది మర్నాడు కావడి ఎత్తితే చాలు, ఆ స్లాబుకి నిజంగా బలం వస్తుంది.

టీచర్లకి ఒక మనవి. ఏడో తరగతిలో నిష్పత్తులు చెప్పేటప్పుడు పుస్తకంలోని పాలు, పంచదార పక్కన పెట్టి ఒకటికి ఒకటిన్నరకి మూడు చెప్పండి. బకెట్టు మీద లీటర్ల గీతలు గీయించండి. మా బడిలో ఈ లెక్క చెప్పినప్పుడు, ఇంటి దగ్గర బస్తాకి మూడు బకెట్లు పోశారని ఒక అమ్మాయి లేచి చెప్పింది. తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చదువు మానేసిన కుర్రాళ్లకి ఇంకో దారి ఉంది. ఆవాస్ యోజనలో గ్రామీణ తాపీ పనివాళ్లకి 45 రోజుల శిక్షణ పెట్టారు, నిజమైన ఇల్లు కడుతూనే నేర్పుతారు. ఆరేళ్లు వైబ్రేటర్ పట్టినవాడు ఆ 45 రోజులు కూర్చుంటే తన దగ్గర లేని ముక్కలు చాలావరకు దొరుకుతాయి. నన్ను అడిగిన కుర్రాడికి ఆ మాటే చెప్పాను. ఆలోచిస్తానన్నాడు, ఇంకా ఏమీ తేల్చలేదు.

ఈ వేసవికి మా గూడెంలో మూడు స్లాబులున్నాయి. మూడు ఇళ్లకీ ఒకే మేస్త్రిని మాట్లాడాం. సెంట్రింగు సామాను అద్దె ముగ్గురూ పంచుకుంటారు, దన్నులు పదిహేను రోజులు తియ్యకూడదని ముందే చెప్పేశాం. కూలికి మూడు ఇళ్లవాళ్లూ మూడు చోట్లా వస్తారు. నీళ్లు ఎవరు మోస్తారన్న సంగతి మాత్రం పోయిన ఆదివారం కూడా తేలలేదు.